సర్కారు ఎలుకలు

పెసలపాళెం పశువైద్యశాలకు డాక్టర్ వకుళ వచ్చి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో ఆమె ముందుకు గేదెలొచ్చాయి, గొర్రెలొచ్చాయి, తువ్వాళ్ళలో చుట్టుకుని గుట్టుగా పందెం కోళ్ళొచ్చాయి, ఒకసారి తహసీల్దారుగారి మామగారి చిలక కూడా వచ్చింది. ఎలుకలు రావడం మాత్రం అదే మొదలు.

తెచ్చినవాడు పోలయ్య. చిప్పవాగు ఒడ్డున ఉన్న గిరిజన కాలనీ మనిషి. అరవై దాటినా ఒళ్ళు ఇనుములా ఉంటుంది. తాటాకు బుట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, మూత కొంచెం ఎత్తి చూపించి, మళ్ళీ మూశాడు.

“ఏంటి తాతా ఇవి?”

“ఎలకలు మా. వీటికి ఒంట్లో బాలేదు.”

పక్కన సూదులు ఉడకబెడుతున్న కాంపౌండరు కిసుక్కున నవ్వాడు. వకుళకూ నవ్వొచ్చేదే, పోలయ్య ముఖం చూసి ఆగిపోయింది. ఎలుకలు పట్టడం అతని వృత్తి. కోతల ముందు చుట్టుపక్కల రైతులంతా అతన్నే పిలుస్తారు. కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊది, బయటికి దూకిన ఎలుకను దూకినచోటే పట్టేస్తాడు. నలభై ఏళ్ళుగా అతని చేతిలోంచి తప్పించుకున్న ఎలుక లేదని కాలనీలో చెప్పుకుంటారు.

“పొగ బెడితే ఎలక బాణం మాదిరి రావాల మా. వాగు దిగువన చేలల్లో మెల్లింగా నడిచొచ్చి బొక్క ముందర కూర్చుంటుండాయి. నా మొకం చూస్తుండాయి. అట్టా కూర్చునేదాన్ని పట్టేదానికి నేనెందుకు? నువ్వే చూడు, ఏం జబ్బో.”

మధ్యాహ్నం పశువుల రద్దీ తగ్గాక వకుళ ఒక ఎలుకను కోసి చూసింది. పేగుల్లో ఏలికపాములు చిక్కుపడిన దారపు ఉండల్లా ఉన్నాయి. కాలేయం నిండా తెల్లటి తిత్తులు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఎలుక కడుపులో పురుగులుండటం వింత కాదు. కానీ ఇన్ని పురుగులతో ఒక ఎలుక నడవడమే వింత.

మర్నాటి నుంచి ఆమెకు ఇదే ధ్యాస. పోలయ్యతో వాగు ఎగువన పది ఎలుకలు, దిగువన పది ఎలుకలు పట్టించింది. ఎగువ ఎలుకల్లో రెండో మూడో పురుగులు. దిగువ ఎలుకల్లో డెబ్బై, ఎనభై. ఎగువకూ దిగువకూ మధ్యన ఉన్నది ఒక్కటే. పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ. దాని ప్రహరీ కింద నుంచి ఆకుపచ్చ రంగు వేసిన గొట్టం ఒకటి వచ్చి వాగులోకి వంగుతుంది. వకుళ ఎలుకల కాలేయాలను సీసాల్లో పెట్టి రాజధానిలోని పెద్ద ప్రయోగశాలకు పంపింది. నెలకు ఫలితం వచ్చింది. దిగువ ఎలుకల ఒంట్లో సీసం మెండుగా ఉంది.

అప్పుడు ఆమెకు సంగతి బోధపడింది. ప్రతి జీవి కడుపులోకీ పురుగులు చేరుతూనే ఉంటాయి. ఒంట్లో ఉండే కాపలా వాటిని అదుపులో పెడుతుంది. సీసం ఆ కాపలాను ఒక్క వేటుకు చంపదు, మెల్లగా మత్తులో పెడుతుంది. ఇక పురుగులది ఇష్టారాజ్యం.

“తాతా, మీరు కాలనీలో ఏ నీళ్ళు తాగుతారు?”

“వాగులో చెలమ తవ్వుకుంటాం మా. ఇంకేడుండాయి నీళ్ళు?”

ఆమె ఆ సాయంత్రమే కాలనీకి వెళ్ళింది. పోలయ్య మనవరాలు చెంగమ్మకు ఆరేళ్ళు. కాళ్ళూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం బుంగలా ఉంది. తోటిపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే గోడకు ఆనుకుని కూర్చుని వాళ్ళ తరఫున లెక్క చెబుతోంది. ఊరి నర్సు మరియమ్మ అక్కడే ఉంది.

“ఆరు నెలలకోసారి బళ్ళో పురుగుల మాత్ర మింగిస్తానే ఉండా మేడం. నెల తిరక్కుండా మళ్ళా మొదటికొస్తది. ఈ కాలనీ పిల్లోళ్ళందరికీ అంతే. అవతల ఊళ్ళో పిల్లోళ్ళకి అదే మాత్ర బెమ్మాండంగా పనిచేస్తది” అంది మరియమ్మ.

వకుళ ఆ రాత్రే నివేదిక రాయకుండా రెండు రోజులు ఆగి, ప్రతి అంకె మళ్ళీ సరిచూసుకుని, మూడు పేజీల్లో తేట తెలుగులో రాసింది. చివరి వాక్యాలు ఇవి: “ఎలుకలకు జరిగిందే ఆ నీళ్ళు తాగే పిల్లలకూ జరుగుతూ ఉండవచ్చు. గొట్టం మూయించి, పిల్లల రక్తంలో సీసం ఎంత ఉందో వెంటనే పరీక్ష చేయించాలి.”

నివేదిక నాలుగు కార్యాలయాలకు వెళ్ళింది. కాలుష్యం చూసేవాళ్ళు, సదరు ఫ్యాక్టరీ నీటికి ధ్రువపత్రం ఉన్నదని రాశారు. ఆరోగ్యం చూసేవాళ్ళు, ఎలుకల అనారోగ్యము తమ శాఖకు సంబంధించినది కాదని రాశారు. వ్యవసాయం చూసేవాళ్ళు, ఎలుకలు జబ్బుపడటం రైతాంగానికి శుభవార్త అనీ, ఇటువంటి శుభవార్తలు మున్ముందు కూడా పంపగలరనీ రాశారు. నాలుగోది వకుళ సొంత శాఖ. దాని జిల్లా జాయింట్ డైరెక్టర్ నీలకంఠంగారు మాత్రం సమావేశం పెట్టారు.

నీలకంఠంగారు ముప్పై ఒక్క ఏళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మనిషి. ఇంట్లో ఉప్పు తక్కువైనా “పులుసు నందు లవణ లోపము గమనించడమైనది” అంటారని కింది ఉద్యోగులు చెప్పుకుంటారు. చెడ్డవారు కాదు. ఎవరి మీదా గొంతెత్తరు. ఆయన కుడివైపు ఫ్యాక్టరీ మేనేజరు పురుషోత్తం కూర్చున్నాడు. జీడిపప్పు ప్లేట్లు అతను తెచ్చినవే.

“ఈ నివేదికలో రెండు అంశములు ఉన్నవి” అన్నారు నీలకంఠంగారు. “ఒకటి నీరు. రెండవది ఎలుక. నీటికి ధ్రువపత్రం ఉన్నది. డాక్టర్ గారూ, ఎలుకకు ధ్రువపత్రం ఉన్నదా?”

“ఎలుకకు ఎందుకుంటుంది సార్?”

“లేదు కదా. కావున లోపము ఎలుక యందే ఉన్నట్లు ప్రాథమికంగా తేలుచున్నది. మీరే రాశారు, రోగనిరోధక శక్తి సన్నగిల్లినది అని. ఆ శక్తిని పెంపొందించవలసిన బాధ్యత మన మీద ఉన్నది.”

“సార్, కారణం సీసం. అది ఆగకుండా శక్తి ఎలా పెరుగుతుంది? పైగా కాలనీలో పిల్లలు...”

“పిల్లలు మన పరిధిలోకి రారమ్మా. మీరు పశువైద్యులు. పరిధి దాటిన ఉద్యోగి గట్టు దాటిన నీరు.”

పురుషోత్తం చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోవడంతో జీడిపప్పు తీసుకున్నాడు.

పది రోజుల్లో పథకం వచ్చేసింది. పేరు “మూషిక ఆరోగ్య సంకల్పం.” చిప్పవాగు దిగువన నాలుగు వందల ఎలుకలను గుర్తించి, ప్రతిదానికీ పురుగుల మందు, బలానికి టానిక్కు పట్టాలి. ప్రతి ఎలుక చెవికీ నంబరున్న అల్యూమినియం ట్యాగు వేయాలి. కాగితాల్లో ఆ ఎలుక పేరు లబ్ధిదారు. జబ్బు కనిపెట్టింది వకుళ కాబట్టి ప్రత్యేకాధికారి వకుళే. ఎలుకలు పట్టగలవాడు పోలయ్య కాబట్టి అతను “మూషిక మిత్ర.” అతనికొక టోపీ కూడా ఇచ్చారు.

“డాట్రమ్మా, నలభై ఏళ్ళు చంపినోణ్ణి నేను. ఇప్పుడు మిత్రుడంటే అవి నమ్ముతాయా?” అన్నాడు పోలయ్య టోపీ అటూ ఇటూ తిప్పి చూస్తూ.

నమ్మినా నమ్మకపోయినా పని మొదలైంది. సెల్‌ఫోన్‌లో ఒక యాప్ ఇచ్చారు. ఎలుకకు మందు పట్టకముందు ఒక ఫోటో, పట్టాక ఒక ఫోటో ఎక్కించాలి. రెండో ఫోటోలో ఎలుక సంతృప్తిగా కనిపించాలని ఉత్తర్వు. యాప్ ఎలుక తండ్రి పేరు అడిగింది. వదిలేస్తే ముందుకు కదలదు. మూడు రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక తండ్రి పేరు చోట సంరక్షకుని పేరు రాయవచ్చని అనుమతి వచ్చింది. ఆ విధంగా పోలయ్య నాలుగు వందల పైచిలుకు ఎలుకలకు సంరక్షకుడయ్యాడు.

చిక్కు రెండో వారంలో వచ్చింది. వ్యవసాయశాఖవాళ్ళు ఏటా జరిపే సామూహిక ఎలుకల నిర్మూలన వారోత్సవం అదే చేలల్లో మొదలుపెట్టారు. ఈ గట్టు మీద వకుళ మనుషులు ఎలుకలకు టానిక్కు పడుతుంటే ఆ గట్టు మీద వాళ్ళు విషం కలిపిన నూకలు పొట్లాలు కడుతున్నారు. మధ్యలో రైతులు నిలబడి రెండు వైపులా చూస్తున్నారు.

“మేడం, మీరు బాగుచేసినాక చంపాల్నా, చంపినాక బాగుచేస్తారా? ఏదో ఒకటి చెప్తే మేం ఇళ్ళకి పోతాం” అన్నాడొక రైతు.

సంగతి జిల్లాకు చేరింది. నీలకంఠంగారికి తన పథకం మీద మమకారం కలిగింది. వ్యవసాయశాఖకు ఆయన రాసిన లేఖ ఆ జిల్లా పరిపాలనలో ఒక మైలురాయి. “ట్యాగు వేయబడిన క్షణము నుండి సదరు మూషికము ప్రభుత్వ ఆస్తిగా పరిగణించబడును. దానికి హాని కలుగజేయు వ్యక్తి, సంస్థ లేక శాఖ ప్రభుత్వ ఆస్తి విధ్వంసమునకు బాధ్యత వహించవలసి యుండును.”

వ్యవసాయశాఖ మారుమాట లేకుండా వెనక్కి తగ్గి, ట్యాగు లేని ఎలుకలకే విషం పెడతామంది. విషానికి చదువు రాదు కాబట్టి ట్యాగున్న ప్రతి ఎలుక బొరియ ముందూ ఒక రేకు బోర్డు పాతారు: “ఇది ప్రభుత్వ ఎలుక.” పొలం మధ్యలో సర్కారు బోర్డు చూసి రైతులు బెదిరిపోయారు. మా చేలో ఎలకలకు మాత్రం ట్యాగులు వెయ్యొద్దని పోలయ్యను పక్కకు పిలిచి బతిమాలుకున్నారు.

నెల తిరిగేసరికి నాలుగు వందల పన్నెండు ఎలుకలకు మందు పట్టడం పూర్తయింది. లక్ష్యంలో నూటమూడు శాతం. నీలకంఠంగారికి శాలువా కప్పారు.

ఇంకో రెండు నెలలకు వకుళ ట్యాగులున్న ఎలుకలను మళ్ళీ పరీక్షించింది. పురుగులు తిరిగొచ్చాయి. ముందుకంటే ఎక్కువే ఉన్నాయి. సీసం అక్కడే ఉంది, గొట్టం అలాగే పారుతోంది, మరి ఎక్కడికి పోతాయి? ఆమె ఈసారి ఒకే పేజీ రాసింది. మళ్ళీ సమావేశం. మళ్ళీ జీడిపప్పు.

ఈసారి పురుషోత్తం ముందుగా గొంతు సవరించుకున్నాడు. “సార్, నాదొక చిన్న మనవి. డాక్టర్ గారి బాధంతా ఏమిటి? ఎగువ ఎలుకకీ దిగువ ఎలుకకీ తేడా ఉందని. మా గొట్టాన్ని మా ఖర్చుతోనే నాలుగు కిలోమీటర్లు ఎగువకి జరుపుతాం. అప్పుడు అన్ని ఎలుకలూ ఒక్కలాగే ఉంటాయి. తేడా అన్నదే ఉండదు.”

నీలకంఠంగారి ముఖం మెల్లగా వికసించింది.

“తేడా లేనిచోట నివేదిక ఉండదు. నివేదిక లేనిచోట సమస్య ఉండదు. సమానత్వ దృష్ట్యా కూడా ఇది పరిశీలించదగిన ప్రతిపాదన.”

వకుళ లేచి నిలబడింది. “సార్, ఎగువన నాలుగు ఊళ్ళు ఆ వాగు నీళ్ళే తాగుతున్నాయి!”

“ఊళ్ళు మన పరిధిలోకి రావమ్మా” అన్నారాయన ఎంతో మృదువుగా. “వచ్చే సమావేశంలో ఖరారు చేద్దాం. పదిహేను రోజులు గడువు.”

ఆమె తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తన నివేదిక వల్ల ఒక కాలనీ బాగుపడకపోగా ఇంకో నాలుగు ఊళ్ళు పాడవబోతున్నాయి. నోరు మూసుకుని గేదెలకు సూదులు వేసుకుంటూ ఉంటే ఈ ముప్పు వచ్చేది కాదు. ఆ ఆలోచన ఆమెను ముల్లులా పొడిచింది. బస్సు దిగి ఆసుపత్రికి పోకుండా నేరుగా కాలనీకి నడిచింది.

చెంగమ్మ ఆ రోజు గోడ దగ్గర కూడా కూర్చోలేదు. లోపల చాప మీద పడుకుని ఉంది. మరియమ్మ పక్కనే కూర్చుని కళ్ళ రెప్పలు కిందికి లాగి చూస్తోంది. కళ్ళల్లో ఎరుపు లేదు.

“రక్తంలో సీసం పరీక్ష చేయించమని మూడుసార్లు రాసినాను మేడం. ఆ పరీక్ష మా జాబితాలో లేదంట. రక్తం నేను తీస్తా, పంపేదానికే దారిలేదు.”

వకుళ చెంగమ్మ తల నిమిరింది. తర్వాత అంది, “మా జాబితాలో ఉంది. ఎలుకలకు ఎన్నైనా చేయించుకోవచ్చు. నాలుగు వందల పన్నెండు దాకా నంబర్లు అయిపోయాయి. నాలుగు వందల పదమూడు నుంచి ఖాళీ.”

మరియమ్మకు అర్థమవడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆమె పోలయ్య వైపు చూసింది. పోలయ్య తలొంచుకుని టోపీ అంచు నలుపుతున్నాడు.

“మా పిల్లోళ్ళని ఎలకలని రాస్తారా డాట్రమ్మా?”

“వద్దంటే వద్దు తాతా. నాకూ మనసొప్పడం లేదు” అంది వకుళ.

పోలయ్య బయటికెళ్ళి చెలమ వైపు చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి అతని వెనక కాలనీ ఆడవాళ్ళు, వాళ్ళ చంకల్లో పిల్లలు ఉన్నారు.

“రాసుకోండి మా. మనుషులమని చెప్పి, కుళాయి కావాలని పదకొండేళ్ళు అర్జీలు బెట్టినాం. ఒక్కదానికీ జవాబు రాలే. ఆ ఎలకలకి చూడు, బోర్డులు కూడా బెట్టినారు.”

ఇరవై ఎనిమిది మంది పిల్లలు. మరియమ్మ ఒక్కొక్కరి దగ్గరా రక్తం తీసింది, వకుళ సీసాల మీద నంబర్లు అంటించింది. చెంగమ్మ సీసా నంబరు నాలుగు వందల ముప్పై ఒకటి.

నాలుగో రోజు ప్రయోగశాల నుంచి ఫోను. గొంతును బట్టి నడివయసు మనిషి.

“డాక్టర్ గారూ, ఈ కొత్త ఎలుకల కాగితాల్లో చిన్న సందేహం. నాలుగు వందల ముప్పై ఒకటి, వయసు ఆరేళ్ళని రాశారు. ఎలుక మూడేళ్ళు బతికితేనే గొప్ప కదండీ?”

వకుళకు ఏ అబద్ధమూ నోటికి రాలేదు. అటువైపు మనిషి కాగితాలు మళ్ళీ తిరగేశాడు.

“సరే” అన్నాడు చివరికి, మునుపటికంటే నెమ్మదిగా. “నేను ఆరు నెలలని దిద్దుకుంటాను. ఫలితాలు రేపే పంపుతాను. ఆలస్యం చేయకండి. ఈ ఎలుకల్ని ఆ నీళ్ళ నుంచి తక్షణం తప్పించండి.”

ఫలితాలు చూసి ఆమె కాసేపు బల్ల మీద తల పెట్టుకుంది. చేలలోని ఎలుకలకంటే ఈ ఇరవై ఎనిమిది నంబర్ల రక్తమే ఘోరంగా ఉంది. తర్వాత ముఖం కడుక్కుని, కాగితం తీసుకుని, జీవితంలో మొదటిసారి నీలకంఠంగారి భాషలో లేఖ రాసింది.

“విషయము: ప్రభుత్వ ఆస్తులకు సంభవించిన తీవ్ర నష్టము. పై విషయమును పురస్కరించుకొని తమరి దివ్యసముఖమునకు విన్నవించునది ఏమనగా, సంకల్పము క్రింద నమోదైన లబ్ధిదారులలో నం. 413 మొదలు 440 వరకు గల ఇరువది ఎనిమిది ఆస్తులు సదరు గొట్టపు నీటి వలన దెబ్బతిన్నట్లు ప్రయోగశాల ధ్రువీకరించియున్నది. ఇట్టి విధ్వంసమును ఉపేక్షించిన యెడల తమరు స్వయముగా జారీచేసిన ఉత్తర్వు ఉల్లంఘించబడినట్లగును.”

ఈ లేఖ నీలకంఠంగారిని కదిలించింది. ఆయన ఉత్తర్వును అప్పటిదాకా వ్యవసాయశాఖ కూడా ఉల్లంఘించలేదు. సమావేశంలో జీడిపప్పు వైపు కన్నెత్తి చూడలేదు.

“పురుషోత్తం గారూ, మా ఎలుకలకు ఏమి సమాధానం చెబుతారు?”

“సార్, మా నీటికి ధ్రువపత్రం ఉంది కదా!” పురుషోత్తం ప్లాస్టిక్ కవరులోంచి దాన్ని తీసి రెండు చేతులతో ఎత్తి చూపించాడు. “మనుషులకు ఇంత, పశువులకు ఇంత, పంటలకు ఇంత అని పరిమితి. మేము అన్నిటికీ లోబడే ఉన్నాం.”

వకుళ నెమ్మదిగా అడిగింది. “ఎలుకలకు ఎంత?”

పురుషోత్తం ధ్రువపత్రాన్ని ముందూ వెనకా తిప్పి చూశాడు. “ఎలుకలకు... పరిమితి ఏమీ లేదండీ.”

“సార్,” అంది వకుళ నీలకంఠంగారి వైపు తిరిగి, “పరిమితి నిర్ణయించబడని చోట ఒక్క చుక్క అయినను పరిమితికి మించినదే కదా?”

ఆయన కళ్ళు మూసుకుని ఆ వాక్యాన్ని లోపల చదువుకున్నారు. అందులో కర్మణి ప్రయోగం ఉంది, “అయినను” ఉంది, తప్పుపట్టడానికి సందు లేదు. కళ్ళు తెరిచారు.

“సమంజసము. ఎలుకల పరిమితి నిర్ణయమయ్యే వరకు గొట్టము మూసివేయవలెను. ఎగువకు గానీ దిగువకు గానీ జరపరాదు. మరియు, దెబ్బతిన్న ఇరువది ఎనిమిది లబ్ధిదారులకు వారి నివాసము వద్దనే శుద్ధజలము అందించవలెను. వారి నివాసమెక్కడ?”

“గిరిజన కాలనీలో సార్.”

“అన్నీ అక్కడేనా?”

“అన్నీ అక్కడే పుట్టి పెరిగాయి సార్.”

గొట్టాన్ని సిమెంటుతో మూసేశారు. ఎలుకలకు ఎంత సీసం ఫరవాలేదో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. అది ఇంకా తన పేరు ఖరారు చేసుకునే దశలోనే ఉంది. పదకొండేళ్ళు అర్జీలకు కదలని పైపులైను పద్దెనిమిది రోజుల్లో కాలనీ నడిమధ్యకు వచ్చింది. ఎలుకలు కాబట్టి కుళాయి నేలకు జానెడెత్తులో పెట్టబోయారు. పోలయ్య మేస్త్రీ దగ్గర కూర్చుని, ఇక్కడి ఎలుకలు ముందు కాళ్ళెత్తి నిలబడి తాగుతాయని ఒప్పించి, నడుమెత్తు పెట్టించాడు.

ప్రారంభోత్సవానికి నీలకంఠంగారే వచ్చారు. షామియానా వేశారు, కుళాయికి రిబ్బను కట్టారు. “మూషికముల శుద్ధజల కేంద్రము” అని పలక. ఇద్దరు విలేకరులు కూడా వచ్చారు. రిబ్బను కత్తిరించాక, లబ్ధిదారు నీరు సేవించుచున్న దృశ్యం ఫోటో తీయాలన్నారు. పోలయ్య బోనులోంచి ఒక ఎలుకను తీసి కుళాయి కింద పెట్టాడు. అది నీళ్ళ చప్పుడుకు అదిరి, నీలకంఠంగారి బూటు మీదుగా షామియానా గుడ్డలోకి దూరిపోయింది.

అందరూ దాన్ని వెతుకుతుండగా చెంగమ్మ జనంలోంచి నడిచొచ్చింది. ఎవరూ పంపలేదు. ధారగా పారుతున్న నీళ్ళు చూసి ఆగలేకపోయింది. రెండు చేతులూ దోసిలి పట్టి, కళ్ళు మూసుకుని గుటగుటా తాగింది. విలేకరి ఒకడు చటుక్కున ఫోటో తీశాడు.

“ఎవరీ పాప?” నీలకంఠంగారు కంగారుపడ్డారు. “ఇది లబ్ధిదారులకు మాత్రమే కదా?”

వకుళకు దాచడానికి ఇక చోటు లేదు, దాచాలనీ లేదు. లబ్ధిదారుల రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టి, ఒక వరస మీద వేలుంచింది.

“లబ్ధిదారు నంబరు నాలుగు వందల ముప్పై ఒకటి, సార్.”

ఆయన రిజిస్టరు చూశారు. పిల్లను చూశారు. పుల్లల్లాంటి ఆ చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె వెనక గ్లాసులూ చెంబులూ పట్టుకుని ఇంకా పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆయన పెదవులు కదిలాయి. నాలుగు వందల ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఒక్క క్షణం ఆయన ముఖంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరూ చూడని మనిషెవరో కదిలాడు. చేయి చాచి చెంగమ్మ తల మీద పెట్టబోయి, విలేకరులు చూస్తున్నారని కాబోలు, వెనక్కి తీసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

“మరి చెవికి ట్యాగు లేదే?”

ఆయన జేబులోంచి కలం తీశారు.

“ట్యాగులు వచ్చే వరకు తాత్కాలికంగా తాగనివ్వవచ్చును” అని రిజిస్టరులో రాసి, తేదీ వేసి, కింద సంతకం చేశారు. ఆ సంతకం మామూలుకంటే కొంచెం వంకరగా ఉంది. రిజిస్టరు వకుళ చేతికిస్తూ ఆమె ముఖంలోకి చూడలేదు. “ట్యాగుల కొరకు మీరు ఇండెంటు పెట్టవలసి యుండును. తొందరేమీ లేదు” అని మాత్రం అని, గబగబా జీపు వైపు నడిచారు.

జీపు వెళ్ళిపోయింది. షామియానా విప్పేవాళ్ళు విప్పుతున్నారు. మరియమ్మ పిల్లలను వరస తప్పకుండా నిలబెడుతోంది. ఆడవాళ్ళు ఇళ్ళలోకి పరిగెత్తి బిందెలు తెచ్చారు.

“డాట్రమ్మా, నువ్వు గూడా తాగు మా. పొద్దున్నించీ నిలబడే ఉండావు” అన్నాడు పోలయ్య.

ఆ రిజిస్టరులో వకుళకు నంబరు లేదు. పుస్తకాన్ని చంకలో ఇరికించుకుని, పిల్లల వరసలో ఆఖరుకు వెళ్ళి నిలబడింది. తన వంతు వచ్చాక వంగి దోసిలి పట్టింది.